పద్దెనిమిది నిమిషాల మజిలీ

మైకు మూతి దగ్గరికి లాక్కుని ఫెస్టీ కనీలీ గొర్రెల సంగతి ఎత్తుకున్నాడు. వీపు మీద నీలం రంగు పూసి ఉంటే ఒక రైతువని, ఎరుపు ఉంటే పక్క రైతువని, రెండు రంగులూ ఉంటే ఆ గొర్రె కోసం ఇద్దరూ ఇంకా కోర్టు చుట్టూ తిరుగుతున్నారని. వెనక పదహారు మందీ నవ్వారు. ఇరవై రెండేళ్లుగా ఈ మలుపులో ఈ మాటకి జనం నవ్వుతూనే ఉన్నారు. నవ్వేవాళ్లు మారతారు, నవ్వు మారదు. అది సద్దుమణిగేలోపు గేరు మార్చెయ్యాలి, లేకపోతే తరవాతి మాట ఇంజను మోతలో కొట్టుకుపోతుంది. ఇలాంటివి ఫెస్టీకి ఎవరూ నేర్పలేదు. ఎలా వచ్చాయని ఎవరూ అడగనూ లేదు.

అరవై ఒక్కేళ్ల మనిషి. పొట్టి మెడ, వెడల్పాటి భుజాలు. కుడి చెంప కిటికీ పక్క ఎండకీ ఉప్పుగాలికీ కమిలి ఎర్రగా ఉంటుంది, ఎడమ చెంప ఇంకా నలభై ఏళ్లవాడి చెంపలాగే ఉంది. గాల్వే ఊళ్లో ఒక చేపల దుకాణం పైగదిలో ఒంటరిగా ఉంటాడు. పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదని అడిగేవాళ్లు కూడా ఇప్పుడు లేరు. పొద్దున్నే ఊళ్లు చూడ్డానికొచ్చిన కొత్త మనుషుల్ని టూరిస్టు బస్సులో ఎక్కించుకుని, కానమారా తీరమంతా తిప్పి, సాయంత్రానికి ఎక్కించుకున్న చోటే దించుతాడు. ఎదురొచ్చే ప్రతి బండికీ స్టీరింగు మీంచి చూపుడువేలు ఒక్కటి పైకెత్తుతాడు. వాళ్లూ ఎత్తుతారు. ఆ దారిలో పలకరింపంటే అదే. అంతకు మించి ఎవరితోనూ సొంత మాట మాట్లాడని వారాలు అతని జీవితంలో చాలా గడిచాయి.

ఆ రోజు గురువారం. అక్టోబరు వాన అద్దం మీద సన్నగా జారుతోంది. నోరు తన పని తాను చేసుకుపోతున్నా, ఫెస్టీ మనసు ఆర్డ్‌మోయ్ మలుపు దగ్గరే ఉంది. ఇంకో ఇరవై నిమిషాల్లో అది వస్తుంది. ఈసారి అక్కడ ఆగకూడదు. అక్కకి మాటిచ్చాడు.

ఆర్డ్‌మోయ్‌లో సముద్రానికి ఎదురుగా ఉన్న సున్నపు గోడల ఇల్లు కనీలీలదే. పైసగం తెరిచి కిందిసగం మూసి ఉంచే ఎర్రరంగు తలుపు, రెండు గదులు, ఒక వంటిల్లు. బస్సు కంపెనీ కరపత్రంలో దాని ఫొటో కింద 'అసలు సిసలు పల్లె ఇల్లు' అని వేశారు. పదకొండేళ్ల కిందట కంపెనీవాళ్లు అలాంటి ఇంటి కోసం వెతుకుతుంటే, మా ఇల్లు ఉందిగా అని ఎగబడి చెప్పినవాడు ఫెస్టీయే. అక్క డెలియా మొదట అతన్ని నాలుగు తిట్టింది. తరవాత కంపెనీ ఇచ్చిన ఎర్ర శాలువా కప్పుకుని, పొయ్యి పక్కన కూర్చుని, ఫొటో తీసేటప్పుడు గడ్డం ఎత్తడం నేర్చుకుంది.

"పెళ్లీడులో నన్ను చూడ్డానికి పక్క ఊరినించి ఒక్కడూ రాలేదురా," అనేది. "ఇప్పుడు చూడు, విమానాలెక్కి వస్తున్నారు!"

వేసవి ముందు దగ్గు పట్టుకుంది. ఆగస్టులో ఆసుపత్రివాళ్లు చెయ్యడానికి ఇంకేమీ లేదని ఇంటికి పంపేశారు. అప్పటినుంచీ లోపలి గదిలో మంచానికే అతుక్కుపోయింది. పక్కింటి సబీనా వచ్చి ఆమెని చూసుకుంటూ, బస్సు ఆగినప్పుడు వంటింట్లో టీ పోసి రొట్టె కోసి పెడుతోంది. జనం ఎప్పటిలాగే ఫొటోలు తీసుకుని పోతున్నారు. గోడకి అవతల ఒక మనిషి చావు కోసం ఎదురు చూస్తోందని వాళ్లకి తెలియదు. చెప్పవలసినవాడు ఫెస్టీ, అతను చెప్పలేదు.

పోయిన ఆదివారం సెలవు రోజున చూడ్డానికి వెళితే డెలియా అతని మణికట్టు పట్టుకుంది. పట్టులో బలం లేదు గానీ చూపులో ఉంది.

"ఇంక ఆ బస్సు నా గుమ్మంలో ఆపకురా."

"సరే అక్కా."

"ఈ సరేలు నాకొద్దు. మాటియ్యి. నా వంటింట్లో ఎవరో ఇకిలిస్తుంటే, ఇవతల నేను పోవాలా? నువ్వొక్కడివీ రా. వచ్చి ఊరికే కూచో."

"మాటిస్తున్నా. ఆపను."

సోమవారం కంపెనీకి ఫోన్ చేసి చెప్పాలనుకున్నాడు. చెయ్యలేదు. బుధవారం దాకా వేరే దారి పడింది, ఆ వంకతో వాయిదా వేస్తూ వచ్చాడు. భయం. వేరే కంపెనీల బస్సుల్లో డ్రైవరు నోరు మెదపక్కర్లేదు, రికార్డు చేసిన గొంతు ఏడు భాషల్లో అన్నీ చెప్పేస్తుంది. ఆ ఇల్లు కూడా చెయ్యి జారితే ఫెస్టీ దగ్గర మిగిలేది గొర్రెల జోకొక్కటే. దానికోసం అరవై దాటినవాణ్ణి ఎవరు ఉంచుకుంటారు?

ఈ పొద్దున బయల్దేరే ముందు ఆఫీసు చూసుకునే ఈమర్ అనే అమ్మాయి కిటికీ దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. "ఫెస్టీ, మూడో సీట్లో ఆవిడ పత్రికలకి రాస్తారట. ఏది తప్పినా ఆ ఇల్లు మాత్రం తప్పించకండి, మీకు పుణ్యముంటుంది." నోటిదాకా వచ్చిన మాట మింగేసి అతను తలూపాడు. తలూపడంలోనే సగం జీవితం గడిపినవాడికి అదేమంత కష్టం కాదు.

మలుపు వచ్చింది. రాళ్ల గోడలు, వాటి వెనక బూడిదరంగు నీళ్లు, ఆ పైన తెల్లటి ఇల్లు. చిమ్నీలోంచి పొగ వస్తోంది. మైకులో ఏదో సముద్రపు నాచు గురించి చెబుతూ దాటించెయ్యాలని అతని లెక్క.

"అదుగో! కరపత్రంలో ఇల్లు!" అంది మూడో సీటావిడ. వెనక బెల్టులు టకటకా ఊడాయి.

ఆవిడ అన్నందుకే ఆపాడని తరవాత చెప్పుకోవచ్చు. అది నిజం కాదు. దాటిపోతే అక్కని చూడకుండానే దాటిపోవాలి. ఆపితే ఒక్క నిమిషం లోపలికి తొంగి చూడచ్చు. పడుకునే ఉంటుంది, వీళ్లని మెల్లిగా మాట్లాడమంటాను, ఆమెకి తెలియనే తెలియదు. ఇలా తనకి తాను నచ్చజెప్పుకునేసరికే కాలు బ్రేకు మీద ఉంది.

"పద్దెనిమిది నిమిషాలు," అన్నాడు మైకులో. "కాస్త మెల్లిగా మాట్లాడండి. పాత ఇల్లు, గట్టిగా అరిస్తే కప్పు మీద పడుతుంది."

దానికీ నవ్వారు.

సబీనా తలుపు కిందిసగం మీద చేతులానించి నిలబడి ఉంది. బక్కపలచటి మనిషి, డెబ్భై దాటినా నడుం వంగలేదు. చేతికి జపమాల చుట్టుకుని ఉంది. ఫెస్టీని చూసి గొంతు తగ్గించింది.

"ఆపనని మాటిచ్చావుగా."

"పద్దెనిమిది నిమిషాలే, సబీనా."

"ఆమెకి అన్ని లేవేమో."

అంతలో జనం చుట్టుముట్టారు. ఇక్కడ గుమ్మంలోకి వచ్చినవాళ్లని పొమ్మనే అలవాటు లేదు. సబీనా గొళ్లెం తీసి పక్కకి జరిగింది. వానకోట్ల తడి వాసనతో వంటిల్లు నిండిపోయింది. ఒకావిడ శాలువా తీసి భుజాన వేసుకుని డెలియా కుర్చీలో కూర్చుంది, వాళ్లాయన ఫొటో తీశాడు. సబీనా టీ కెటిల్ వైపు కూడా వెళ్లలేదు. లోపలి గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది.

ఆ తలుపు ఫెస్టీకి నాలుగడుగుల దూరంలో ఉంది. ఒక అడుగు వేశాడు కూడా.

"ఈ ఇంట్లో ఎంతమంది ఉండేవాళ్లు?" అడిగింది మూడో సీటావిడ, నోటుపుస్తకం తెరుస్తూ.

ఆగాడు. అడిగితే చెప్పాలి. గొంతు దానంతటదే పైకొచ్చింది. "తొమ్మిది మంది పిల్లలు పెరిగారండీ ఈ వంటింట్లో. ఏడుగురు ఓడెక్కి పోయారు. ఒకతి పొయ్యి ఆరకుండా చూడ్డానికి ఉండిపోయింది. ఇంకొకడున్నాడు, వాడికి ఓడెక్కే తెలివి లేక బస్సెక్కాడు."

పెద్దగా నవ్వారు. గోడకి తగిలించిన పింగాణీ పళ్లేలు కదిలేటంత నవ్వు. ఆ నవ్వు పలచటి చెక్క తలుపు దాటి మంచం దాకా పోతుందని ఫెస్టీకి తెలుసు. చిన్నప్పుడు ఆ మంచం మీద జ్వరంతో పడుకుని ఇక్కడి మాటలు ఒక్కొక్కటీ విన్నవాడే.

నవ్వు ఇంకా పూర్తిగా ఆగకముందే లోపల కిటికీ చట్రం కిర్రుమని పైకి లేచింది. ఆగస్టునుంచీ ఆ కిటికీ తియ్యలేదు, చలిగాలి ఆమె ఛాతీకి పడదని. చల్లటి గాలి తలుపు సందులోంచి వచ్చి అతని చీలమండలకి తగిలింది. తలుపు తెరుచుకుంది. సబీనా ఎవరివైపూ చూడకుండా నడిచి వచ్చి, గోడ గడియారం తలుపు తీసి, లోలకాన్ని రెండు వేళ్లతో పట్టుకుని ఆపింది. పదకొండు నలభై. తరవాత అద్దాన్ని మొహం గోడకి ఉండేలా తిప్పి పెట్టింది.

ఫొటోలు తీసేవాళ్లు ఫోన్లు దించారు.

"అదేమిటి? ఎందుకలా చేసింది?" మూడో సీటావిడ గుసగుసగా అడిగింది.

అందరూ ఫెస్టీ వైపు తిరిగారు. చెప్పడం అతని పని. ఎవరేమడిగినా చెప్పాలి, ఇరవై రెండేళ్ల అలవాటు అది. వీళ్లని బయటికి పొండి అని అరవవలసిన చోట, ఆ అలవాటే నోరు తెరిచింది.

"మావైపు ఇంట్లో ఎవరైనా పోతే," అన్నాడు, "ముందు కిటికీ తీస్తాం. ప్రాణం బయటికి పోవడానికి. దానికీ కిటికీకీ మధ్య ఎవరూ నిలబడకూడదు. తరవాత పోయిన ఘడియ దగ్గర గడియారం ఆపుతాం. అద్దం తిప్పేస్తాం."

"ఎంత బావుంది!" అంది ఆవిడ రాసుకుంటూ. "వచ్చిన ప్రతివాళ్లకీ చేసి చూపిస్తారా?"

"లేదండీ. ఇవాళ్టికే."

ఎవరో చప్పట్లు కొట్టారు. ఇద్దరు ముగ్గురు అందుకున్నారు. ఫెస్టీ చేతులు రెండూ పక్కన వేలాడుతూ ఉండిపోయాయి. చెంప కండ మాత్రం, జనం ముందు ఎప్పుడూ లేచినట్టే, చిరునవ్వులా లేచింది. ఆ క్షణంలో తన మొహాన్ని తానే చీదరించుకున్నాడు.

సబీనా చప్పట్ల మధ్యలోంచి నడిచి వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. చావింట్లో అయినవాళ్లతో ఊరంతా అనే మాటే అంది. "నీకొచ్చిన కష్టానికి విచారిస్తున్నాను, ఫెస్టీ." ఆ తరవాత ఊరెవరూ అనని మాట అంది. "నవ్వు విందిరా అది. నువ్వొచ్చావా అని అడిగింది. వచ్చాడన్నాను."

"ఒక్కసారి చూస్తాను."

"ముందు వీళ్లని నా కళ్ల ముందునించి తీసుకుపో. ఆమెని కడిగి, బట్టలు మార్చాలి. నువ్వు బస్సు తోలుకో, అదేగా నీకొచ్చింది."

తెరిచిన తలుపులోంచి దుప్పటి అంచు, దాని కింద రెండు పాదాల ఎత్తు కనిపించాయి. అంతే. సబీనా తలుపు వేసేసింది.

బస్సు బయల్దేరేసరికి పద్దెనిమిది నిమిషాల్లో ఇంకా రెండు మిగిలే ఉన్నాయి. తరవాత క్లిఫ్డెన్‌లో భోజనాలు, కొండమీద ఫొటోలు, చర్చి, సరస్సు. అన్ని చోట్లా ఆగాడు. అన్ని మాటలూ చెప్పాడు, ఒక్క జోకు కూడా వదలకుండా. వదిలితే గొంతు ఆగిపోతుందని, ఆగితే మళ్లీ రాదని భయం. ఏడుపు మాత్రం రాలేదు.

కబురు బస్సు కన్నా ముందే ఆ దారులన్నీ తిరిగేసింది. మూడు గంటలకల్లా ఎదురొచ్చే బళ్లవాళ్లు వేలెత్తడం మానేశారు. పాలవాడు టోపీ తీశాడు. టపా బండి నడిపేవాడు వేగం తగ్గించి, గుండెల మీద శిలువ గీసుకుని, తల వంచి వెళ్లాడు. వెనక కూర్చున్న పదహారు మందిలో ఒక్కరూ అది గమనించలేదు.

గాల్వేలో దిగేటప్పుడు మూడో సీటావిడ అతని చెయ్యి రెండు చేతుల్లోకీ తీసుకుంది. "అన్నిట్లోకీ ఆ ఇల్లే నాకు నచ్చింది. ఆ గడియారం ఆపడం! అది ప్రతి బస్సుకీ చూపించాలి మీరు."

"మళ్లీ చూపించడానికి ఇంకో అక్క లేదండీ," అన్నాడు ఫెస్టీ.

జోకనుకుని ఆవిడ నవ్వుతూ దిగిపోయింది.

ఈమర్ బస్సు తలుపు దగ్గరికి వచ్చింది. "డెలియా పోయింది," అన్నాడు అతను. "రేపు రాను."

"అయ్యో ఫెస్టీ! ఎప్పుడు?"

"పొద్దున. మన బస్సువాళ్లు ఇంట్లో ఉండగా."

ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి. కళ్లు తుడుచుకుని, "మరి ఆ ఇల్లు..." అంది, అని నాలిక కరుచుకుంది.

"తాళం నీకిచ్చేస్తున్నా," అన్నాడు ఫెస్టీ. ఇంటి తాళం అనుకుని చెయ్యి చాపింది. బస్సు తాళం అని చూసుకుని మెల్లిగా గుప్పిట మూసుకుంది. ఎల్లుండి వస్తారా అని అడగలేదు, అతనూ చెప్పలేదు.

ఆర్డ్‌మోయ్‌కి బయల్దేరే ముందు అలవాటు కొద్దీ చీపురు పుచ్చుకుని వెనకనుంచి ఊడ్చుకొచ్చాడు. బిస్కట్ కాగితాలు, తడి కరపత్రాలు, ఒంటి చేతితొడుగు. తొమ్మిదో సీటు మీద టిష్యూ కాగితంలో చుట్టినదేదో ఉంది. విప్పాడు. పొయ్యిలో కట్టెలకి బదులు వేసే పీట్ మట్టిగడ్డ. ఇంటి పక్క కుప్పలోంచి ఎవరో గుర్తుగా తెచ్చుకుని, చేతులు మురికవుతున్నాయనేమో, వదిలేసి పోయారు. పోయిన మే నెలలో డెలియా బురదనేలలో వంగి, దగ్గుకుంటూ, చాల్లే అక్కా అంటే వినకుండా, చలికాలానికని ఒక్కొక్కటిగా నిలబెట్టి ఎండబెట్టిన గడ్డల్లో ఒకటి. ఒక మూల చితికిపోయి నల్లటి పొడి సీటు గుడ్డ మీద రాలింది, మిగతాది గట్టిగా, తేలిగ్గా, బాగా ఎండి ఉంది.