సిస్టరమ్మ అడిగింది, నేనే చెప్పలేదు

అలా కాదు మనవరాలా, మీ నాన్న చెప్పాడని, సిస్టరమ్మ నా కాలు చూడలేదని రాయకు. చూసింది. గుండె సొంతంగా కొట్టుకోలేకపోతుంటే తొడ నరంలోంచి గుండెలోకి సన్నటి పంపు ఎక్కించారు గదా, ఆ మూడు రోజులూ గంటగంటకీ వచ్చి నా పాదం పట్టుకుని చూసేది. కాలు మడవకూడదు, ఒత్తిగిలకూడదు. కట్టెలా పడుండి పడుండి ప్రాణం విసిగిపోయింది.

మూడోనాడు మధ్యాహ్నం, "తాతగారూ, పాదం చల్లగా ఉందే, తిమ్మిరెక్కిందా?" అంది. నిజానికి ఎక్కింది మనవరాలా. పొద్దుటి నుంచీ ఆ కాలు నాది కానట్టే ఉంది. అవునంటే డాక్టర్లొస్తారు, మళ్ళీ స్కానింగంటారు, మళ్ళీ గుచ్చుతారు. కాసేపు కన్ను మూస్తే చాలనిపించింది.

"నా కాళ్ళెప్పుడూ ఇంతేనమ్మా, మంచుగడ్డలని మా ఆవిడ నలభై ఏళ్ళు తిట్టింది" అన్నాను. పాపం, నమ్మింది. నవ్వి దుప్పటి కప్పింది.

సాయంత్రానికి పాదం నల్లబడింది. ఆ పంపు గొట్టం కాల్లోకి పోయే నెత్తురుకి అడ్డం పడిందట. గుండె నిలదొక్కుకుంది గానీ, మోకాలి కిందకి కాలు తీసేశారు.

ఏంటలా చూస్తావ్? "సిస్టరమ్మని కాపాడ్డానికి అబద్ధమాడుతున్నావా తాతా" అంటావా? ఆడాల్సిన అబద్ధం ఆ రోజే ఆడేశాను. ఇంక ఓపిక లేదు.

మీ నాన్న ఆ పిల్ల ఉద్యోగం తీయించాలని ఫిర్యాదు కాయితం పట్టుకుని ఆసుపత్రికెళ్ళాడు. అది వాళ్ళ చేతికిచ్చేలోపు ఫోన్ చేసి, నేను చెప్తుంటే నువ్వు రాసుకున్న ఇదంతా వాడికి చదివి వినిపించు.