చప్పుడు కాకూడని గది

నా కొడుకు అంజికి ధనుర్వాతమని డాక్టరమ్మ చెప్పినప్పుడు నాకు అర్థమైంది ఒకటే, ఇంక వాణ్ణి నేను ఎత్తుకోకూడదు. అది డెబ్బై ఆరో సంవత్సరం. గొర్రెల వెంబడి పోయి వాడు మడమలో ముల్లు దించుకున్నాడు. ఆ పుండు మానిపోయింది కూడా. తర్వాతే దవడ బిగిసింది. కుప్పంలో చూసినవాళ్ళు మదనపల్లెకు తీసుకుపొమ్మన్నారు. అక్కడి ఆసుపత్రిలో వరండా చివరి గదిలో పడుకోబెట్టి, కిటికీలకు నల్ల దుప్పట్లు కట్టారు. వెలుతురు పడినా, చప్పుడైనా, ఎవరైనా తాకినా వాడి ఒళ్ళు విల్లులాగా వంగిపోయేది. అట్లా వంగినప్పుడు ఊపిరి ఆగిపోవచ్చని డాక్టరమ్మ దాచకుండా చెప్పేసింది.

ఆ గదిలో అందరూ మూగవాళ్ళ మాదిరి పనిచేసేవాళ్ళు. డాక్టరమ్మ వేలు చూపితే కృష్ణవేణి సిస్టరు సూది వేసేది. ట్రే చప్పుడు కాకుండా అందులో గుడ్డ పరుచుకునేది. ఆయా బయ్యమ్మ చీపురు ముట్టకుండా తడిగుడ్డతోనే నేల తుడిచేది. కాంపౌండరు గోవిందస్వామి నోరు మాత్రం ఊరకుండదు. అందుకే ఆయన మందులు కలిపి గడప దగ్గరే ఇచ్చిపోవాలి.

"ఏమప్పా, నీకంటే నీ చెప్పులే ఎక్కువ మాట్లాడతాండాయే," అని బయ్యమ్మ వరండాలో గుసగుసగా అనింది ఒకసారి.

"ఇంట్లో నాకు మాట్లాడే సందు యాడిస్తారమ్మా? ఈడే గదా," అంటూ ఆయన చెప్పులు విప్పి చంకలో పెట్టుకున్నాడు.

వీళ్ళందరికీ పని ఉంది. మా ఆయన యల్లప్పకూ ఉంది. విషం విరిచే మందు ఇంకా కావాలని, అది పుంగనూరులో ఉందని ఫోనులో కనుక్కుని డాక్టరమ్మ ఆయన్ని అక్కడికి పంపింది. నాకే ఏ పనీ లేదు. గడప బయట కూర్చుని నా బిడ్డ పడుకున్న చీకటిని చూస్తున్నాను.

"సిస్టరమ్మా, నన్ను గూడా లోపలికి రానీమ్మా. ఒక మూల కూసుంటా, నోరు తెరవను," అన్నాను.

కృష్ణవేణి నా మట్టిగాజుల వైపు చూసింది. "నువ్వు నోరు తెరవకపోయినా అవి ఊరకుండవు గదమ్మా," అనింది.

మొగుడు బతికుండగా మావైపు ఆడది గాజులు తియ్యదు. ఒకటి చిట్లినా, కొత్తది వేసుకునేదాకా చేతికి పసుపుదారమైనా కట్టుకుంటుంది. నేను సబ్బు రాసుకుని గాజులన్నీ ఊడదీశాను. గచ్చు మీద టకటకమంటాయని కాలిమెట్టెలు కూడా తీసి కొంగున ముడేసుకున్నాను.

సిస్టరు నన్ను అంజి కాళ్ళ దగ్గర కూర్చోబెట్టి పని నేర్పింది. కాలివేళ్ళు ముడుచుకోవడం మొదలైతే చెయ్యి పైకెత్తాలి. పిలవకూడదు, వాణ్ణి పట్టుకోకూడదు. నేను చెయ్యెత్తగానే సిస్టరు సూదితో వచ్చేది, బయ్యమ్మ మంచం అంచున దిండ్లు పెట్టేది, డాక్టరమ్మ వాడి ముక్కు దగ్గర వంగి ఊపిరి చూసేది. ఆ బిగుతు తగ్గేదాకా నేను చెయ్యి దించకుండా ఉండిపోయేదాన్ని.

మధ్యాహ్నం గోవిందస్వామి గడప దగ్గర నిలబడి నాకు సైగ చేశాడు. ఊరినుంచి మావాళ్ళెవరో వచ్చారు.

దీనికే నేను ముందునుంచీ భయపడుతున్నాను. మా ఊళ్ళల్లో రోగిని చూడవచ్చే బంధువులు దూరంనుంచే గొంతెత్తి ఏడుస్తారు. ఏడవకుండా వస్తే, అదేం మనిషి, దానికి మనసే లేదంటారు. సిస్టరుకు ఈ సంగతి చెబితే, "అయితే మెట్ల కిందనే ఆపాల్సింది నువ్వే," అనింది. నా చోట బయ్యమ్మను కూర్చోబెట్టి బయటికి పరుగెత్తాను.

మా అత్త నంజమ్మ గుడుపల్లె నుంచి బస్సులు మారి వచ్చి, అప్పుడే మెట్లెక్కుతోంది. నోటిమీద వేలు పెట్టుకుని, చెయ్యి ఊపుతూ ఎదురుపోయాను. ఆమె నా మొగం చూడలేదు. ఊపిన చెయ్యి చూసింది. కాళ్ళు చూసింది. నా వెనకాల తన కొడుకు కోసం చూసింది.

"నా కొడుకా! యల్లప్పా! నన్ను ఇట్ల చేసి పోతివా నాయనా!" అని గుండెలు బాదుకుంది.

"లేదత్తా, ఆయన బాగుండాడు, పుంగనూరికి పోయుండాడు," అన్నాను. గట్టిగా చెప్పలేను, మెల్లగా చెబితే ఆమెకు వినపడదు. ఏనాడూ ఎదురు మాట్లాడనిదాన్ని, అత్త నోటికి అరచెయ్యి అడ్డం పెట్టాను. ఆమె విసిరికొట్టింది.

"ఏడ్సనీవా నన్ను? కన్నకొడుక్కు ఏడ్సనీవా?"

గోవిందస్వామి వట్టికాళ్ళతో పరుగెత్తుకొచ్చి ఆమె చెవి దగ్గర చెప్పాడు. "నీ కొడుకు బతికుండాడమ్మా. నువ్విట్లా అరస్తే నీ మనవడు పోతాడు."

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని మెట్టు మీద కూలబడింది.

నేను వెళ్ళేసరికి గది తలుపు లోపలినుంచి వేసి ఉంది. చెవి పెట్టి విన్నాను, ఏమీ వినపడలేదు. బాగున్నా ఆ గదిలో చప్పుడుండదు, బాగలేకపోయినా ఉండదు.

అంతలో యల్లప్ప వచ్చాడు. మందున్న మంచు ఫ్లాస్కును చంటిబిడ్డ మాదిరి రొమ్ముకు అదుముకుని ఉన్నాడు. గోవిందస్వామి దాన్ని అందుకున్నాడు. తలుపు జానెడు తెరుచుకుంది, ఫ్లాస్కు లోపలికి పోయింది, తలుపు మళ్ళీ మూసుకుంది.

"ఏల అందరూ బయటుండారు?" అని మా ఆయన అడిగాడు. అత్త తల వంచుకుంది.

చాలాసేపటికి కృష్ణవేణి బయటికొచ్చింది. రవికె చెమటతో తడిసిపోయి ఉంది.

"ఊపిరి ఆగి మళ్ళీ వచ్చిందమ్మా. మందు ఎక్కిస్తాండాం."

"నేనొస్తానమ్మా. కాళ్ళకాడ కూసుంటా."

"వద్దు తల్లీ. నీ చేతులు సూడు, ఎట్ల వణకతాండాయో. బయ్యమ్మ ఉండాది."

"బతుకుతాడామ్మా?"

ఆమె లోపలున్న డాక్టరమ్మ వైపు ఒకసారి తిరిగి చూసింది. "మేమందరం ఉండాం. అంతకుమించి మాకూ తెలీదు," అని లోపలికి పోయింది.

అత్త నా పక్కకు జరిగి కూర్చుంది. "మునెమ్మా, మనమేం చెయ్యాలిప్పుడు?" అని చెవిలో అడిగింది.

"ఏం లేదత్తా. ఊరికే కూసోవాల."

బయట రోడ్డు మీద ఏదో బస్సు హారన్ మోగించింది. ముగ్గురం తలుపు వైపు చూశాం.