పాప కోసం స్నూకర్ బల్ల

పాపకు రెండేళ్లు నిండాయని, బొమ్మ తేవడానికి బజారుకు పోయిన మా ఆయన షఫీవుల్లా, బుల్లి స్నూకర్ బల్ల తెచ్చాడు.

"ఆ గోలీలు పాప నోట్లో పెట్టుకుంటే ఎట్లా?" అన్నాను.

"అందుకే పాపను దగ్గరికి రానియ్యను" అన్నాడు. పాపకు ఖాళీ అట్టపెట్టె మిగిలింది.

మాది నీళ్లు పారబోసుకునే ఊరు కాదు. ఇల్లు కడిగిన నీళ్లు కూడా పెరట్లో నిమ్మచెట్టుకే చేరాలని, మేస్త్రీతో చెప్పి నేలకు గట్టిగా వాటం పెట్టించాం. ఆ నేల మీదే బల్ల వేసుకుని ఈయన ఆట నేర్చుకున్నాడు. ఎటు కొట్టినా గోలీ దొర్లుకుంటూ పోయి నిమ్మచెట్టు వైపు బొక్కలోనే పడేది. నెల తిరిగేసరికి మనిషి నడకే మారిపోయింది.

నిన్న గోరంట్లలో కొత్తగా తెరిచిన స్నూకర్ క్లబ్బుకు, తన ఆట చూడమని మమ్మల్నీ తీసుకుపోయాడు. ఒక కన్ను మూసి కొట్టాడు. బంతి బల్ల నడుమనే ఆగిపోయింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ ఆగిపోయింది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

ఈయన కర్ర పక్కన పడేసి, క్లబ్బు ఓనరు మీదికి లేచాడు.

"ఏ మేస్త్రీతో కట్టించినావప్పా? నేలకు వాటమే లేదు!"