తడారని బండి

"తొక్కుకని తెచ్చిన ఉప్పు ఎవరన్న బండిల పెడతరా?" రేణుకమ్మ ఆ మాట అనడం పొద్దుటి నుంచి మూడోసారి.

"పిడికెడు ఉప్పుకు గింత లొల్లా?" వ్యాను మెట్టు మీద కూచుని వేపపుల్ల నములుతున్నాడు శాంతయ్య.

"పిడికెడా? మొన్ననే సంచిల సగం ఎత్తుకపోతివి. నాలుగు గిన్నెల పోసి నాలుగు మూలల పెడితివి. అవి గూడ నేను పెరుగు తోడేసే గిన్నెలు."

"ఉప్పు చెమ్మను గుంజుతదే. ఫోన్ల చూసిన."

"ఫోన్ల నిమ్మకాయ తొక్కు గూడ పెడతరు. పెట్టియ్యి మరి."

వసారాలో మంచం మీద పడుకున్న అత్త హన్మమ్మ అక్కడి నుంచే తీర్పు చెప్పింది. "తొక్కు రేపు పెట్టుకో పిల్లా. బండి ముంగట తొక్కెంత?"

రెండేళ్లుగా ఆ ఇంట్లో ఏ మాటయినా అక్కడికే వచ్చి ఆగేది. బండి ముందు వాకిలెంత, బండి ముందు రేణుకమ్మ కుట్టు మిషనెంత.

శాంతయ్య ముప్పైరెండేళ్లు బస్సు నడిపాడు. అందులో పన్నెండేళ్లు శ్రీశైలం రూటే. మన్ననూర్ దాటాక అడవిలో ఏ మలుపు దగ్గర కోతులు కూచుంటాయో కూడా ఇంటికొచ్చి చెప్పేవాడు. రేణుకమ్మ ఆ దారిన పోయింది ఒక్కసారే, కొడుకు పుట్టు వెంట్రుకలకు. ఆ రోజు కూడా మొగుడు స్టీరింగ్ దగ్గర, ఆమె వెనక సీట్లో పిల్లాడి వాంతులు తుడుస్తూ.

రిటైరైన నెలకు పాత వ్యాను కొన్నాడు. పెండ్లి బృందాలను మోసి మోసి, ఆఖరికి గద్వాల బయట ఒక షెడ్డు వెనక వానకు నానుతూ పడి ఉన్న బండి. "ఇండ్ల పండుకున్నట్టే పండుకోవచ్చు రేణుకా. రెండు మంచాలు, స్టవ్వు, బట్టలకు అరలు. ముందుగాల శ్రీశైలం. ఆడికెల్లి నువ్వు యాడికంటె ఆడికి."

ఆమె నమ్మింది. అందుకే తన కుట్టు షెడ్డు అడగ్గానే ఇచ్చేసింది.

ఇంటి వెనక ఆ రేకుల షెడ్డు ఆమె జాకెట్లు కుట్టి కట్టుకున్నది. తూర్పు గోడకు పెద్ద కిటికీ, దాని కింద మిషను. అమరచింతలో పెండ్లి జాకెట్టు అంటే రేణుకమ్మ దగ్గరికే రావాలి, ఆ కిటికీ వెలుతుర్లోనే కొలతలు చూసుకోవాలి. వ్యాను లోపల పట్టాలని శాంతయ్య ఆ తూర్పు గోడనే పగలగొట్టించాడు. మిషను వసారాకు వచ్చింది, హన్మమ్మ మంచం పక్కకు. జల్లు కొడితే బట్టలు ముద్దయ్యే చోటికి.

బాడీ పని చేసింది గద్వాల ఆజం. తుప్పు గీకి, రంగు పూసి, అడుగున ప్లైవుడ్ వేసి, దాని మీద మ్యాట్ అతికించాడు. బండి అప్పజెప్పేటప్పుడు రేణుకమ్మ ఎదురుగానే చెప్పాడు. "డ్రైవర్ సాబ్, ఇగ లోపలికి నీళ్లు రానియ్యకున్రి. మ్యాట్ కిందికి దిగిన నీళ్లకు బయటికి తొవ్వ లేదు. గుడ్డ పెట్టి తుడుచుడే, కడుగుడు లేదు."

శాంతయ్య నవ్వాడు. "బండి కడుగుడు నాకు నేర్పుతున్నవారా ఆజమూ?"

అమావాస్య అమావాస్యకు బస్సు కడగడం ఆయన చెయ్యికి అలవాటైన పని. కాని అది ఇనుప అడుగు. వెనక తలుపులో నీళ్లు పోస్తే ముందు తలుపులోంచి పోయేవి. ఇదీ బండే కదా అనుకున్నాడు. నెల నెలా పైపు పట్టుకుని లోపలికి కొట్టేవాడు. హన్మమ్మ కుర్చీ వేయించుకుని దగ్గరుండి చూసేది. "మూలలకు గూడ కొట్టుర నాయినా. దిష్టి మూలలల్లనే దాక్కుంటది." కడగడం అయ్యాక గుమ్మడికాయ కొట్టేవాళ్లు, నిమ్మకాయలు కట్టేవాళ్లు. దుమ్ము పడకుండా తలుపులన్నీ బిగించి పైన పట్టా కప్పేవాళ్లు.

మూడో నెలకే ముక్కిన వాసన మొదలైంది. అగరొత్తులు పెట్టాడు. సాంబ్రాణి వేశాడు. కర్పూరం, బీరువాలో వేసే డాంబరు గోళీలు, ఇప్పుడు ఉప్పు. ప్రయాణం మాత్రం వాసన పోయాక అంటూ నెల నెలా జరుగుతూనే ఉంది.

"ఆజం చెప్పిండు గద, నీళ్లు కొట్టొద్దని" అని రేణుకమ్మ ఎన్నిసార్లన్నా ఒకటే జవాబు. "బస్సు నడిపింది ఆజమా, నేనా?"

కొడుకు శ్రవణ్ కుమార్‌కు చెప్పి చూసింది. "నాయినకు పొద్దు పోతుంది గదమ్మా, పోనియ్" అన్నాడు. కోడలు శ్రీవాణి ఒక్కతే ఒకరోజు మెల్లగా అంది, "అత్తమ్మా, మ్యాట్ మీద కాలు పెడితే నీళ్లు ఊరుతున్నయి."

"మీ మామకు చెప్పు."

"నాకేం పట్టింది, తిట్లు తినెటందుకు?"

ఉప్పు పోతే పోయింది, గిన్నెలన్నా తెచ్చుకుందామని రేణుకమ్మ వ్యాను ఎక్కింది. నాలుగు గిన్నెల్లోనూ ఉప్పు కరిగి నీళ్లయి ఉంది. ఆ నీళ్లను చూస్తూ నిలబడిన మనిషికి పై అర గుర్తొచ్చింది.

పోయిన వారం మూడు రోజులు ముసురు పట్టింది. వసారాలో ఎక్కడ పెట్టినా జల్లే. శాంతయ్యే అన్నాడు, "బండిల పై అరల పెట్టు. చుక్క పడదు. బీరువా లెక్క ఉంటది." ఎప్పటి నుంచో తన దగ్గరే కుట్టించుకునే రహీమాబీ బిడ్డ ఫర్హీన్ పెండ్లి బట్టలు కవర్లో చుట్టి అక్కడ పెట్టింది. మర్నాడే అమావాస్య. ఆ పొద్దున రేణుకమ్మ లైనింగు గుడ్డకు వనపర్తి పోయింది. వచ్చేసరికి బండి కడగడం, పట్టా కప్పడం అన్నీ అయిపోయాయి. పై అరే కదా, నీళ్లు కిందనే కదా అనుకుంది. మళ్లీ తీసి చూడలేదు.

ఇప్పుడు తీసింది. కవరు లోపలి వైపు చెమట పట్టినట్టుంది. పెండ్లి తర్వాతి వలీమా విందుకు కట్టుకునే గద్వాల పట్టుచీర జాకెట్టు, చీరతోపాటు నేసిన ముక్క. వీపు మీద, చంకల్లో బూజు నల్లగా చుక్కలు చుక్కలుగా లేచింది. జరీ మసిబారింది.

"ఎండల ఎయ్, పోతది" అన్నాడు శాంతయ్య.

ఎండలో వేసింది. తడిగుడ్డతో అద్దింది. వాసన కొంచెం తగ్గింది, చుక్కలు పోలేదు.

పొద్దు వాలే వేళకు రహీమాబీ వచ్చింది. జాకెట్టు చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టి చూసింది. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుంది.

"గిదేందక్కా?"

రేణుకమ్మ నోరు తెరిచేలోపే మెట్టు మీంచి శాంతయ్య అందుకున్నాడు. "వానకాలం గదమ్మా, చెమ్మ యాడికి పోతది?"

"మా ఇండ్ల గూడ వానకాలమే నడుస్తుందన్నా" అంది రహీమాబీ.

శాంతయ్య లేచి వ్యాను వెనక్కి పోయాడు.

"రహీమా, తప్పు నాదే. చీర లోపలి కొంగుల గుడ్డ తీసి మళ్ల కుడత. రెండు రోజులియ్యి" అంది రేణుకమ్మ.

రహీమాబీ ఒకసారి వసారా అంతా చూసింది. మిషను మీద కప్పిన పట్టా, కింద తడి, పక్కన ముసలామె మంచం.

"యాడ కుట్టి యాడ పెడతవక్కా?"

కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. రేణుకమ్మ మిషను మీది పట్టా సర్దింది.

"నా షాదీ బట్టలు గూడ నువ్వే కుట్టినవు. ఫర్హీన్ నీ తాననే కుట్టియ్యాలన్నది" అని, జాకెట్టు సంచిలో పెట్టుకుని రహీమాబీ వెళ్లిపోయింది.

అన్నాలకు కూచున్నారు. శాంతయ్య, శ్రవణ్ కుమార్ కింద, హన్మమ్మ మంచం మీద, శ్రీవాణి పొయ్యి దగ్గర. రేణుకమ్మ అందరికీ వడ్డించింది. మొగుడికి రెండోసారి పప్పు వేసి, గరిటె గిన్నెలో పెట్టి, రోజూ మాట్లాడే గొంతుతోనే అంది.

"ఆజంకు ఫోన్ చేసిన. రేపు పొద్దుగాల వస్తడు. బండిని షెడ్డుల నుంచి వాకిట్లకు తీస్తడు. పగలగొట్టిన గోడకు మేస్త్రీకి గూడ చెప్పిన, కిటికీ పెట్టి కడతడు. నా మిషిన్ లోపలికి పోతది."

శ్రవణ్ తల ఎత్తాడు. ముద్ద చేతిలోనే ఉంది.

"వాకిట్ల వానకు తడుస్తది గదనే బండి" అన్నాడు శాంతయ్య.

"షెడ్డుల పెట్టి గూడ తడుపుతనే ఉంటివి గద."

"మరి శ్రీశైలం?" అంది హన్మమ్మ.

"బస్సులున్నయి అత్తమ్మా" అంది రేణుకమ్మ. "పెండ్లిల్ల కాలం అయిపోయినంక పోత. నేనొక్కదాన్నే."

మజ్జిగ గిన్నె తీసుకుని, ఎవరికి కావాలని అడిగింది.