లోడు ఫ్రైసు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఉన్నా, మా ఊళ్ళో ఏం తిని బతుకుతాయి? ఆ ఏడాది బావుల్లో కప్పలు కూడా లేవు. విత్తిన శెనక్కాయ విత్తినట్టే మట్టి కింద మాడిపోయింది. తెలివున్న దయ్యమైతే ఎప్పుడో బెంగళూరు బస్సెక్కి ఉండేది. అందుకే మా కదిరమ్మ మధ్యాహ్నం పూట ఖాళీ పళ్ళెం పెట్టుకుని, ఆరిపోయిన పొయ్యి ముందు కూర్చోవడం మొదలుపెట్టినప్పుడు నేను భయపడలేదు. కోప్పడ్డాను.

కదిరమ్మ నా తోటికోడలు, మా మరిది ఎర్రప్ప పెళ్ళాం. ఎర్రప్ప బెంగళూరు దండులో, అంటే కంటోన్మెంటులో, తెల్లవాళ్ళు దిగే ఒక పెద్ద హోటల్లో వంటవాడుగా ఉండేవాడు. నెలకోసారి ఇంటికొచ్చి, ఉన్నన్నాళ్ళూ ఆ హోటలు వంటల గురించే చెప్పేవాడు. అన్నిటిలోకీ అతనికి గొప్పది ఒక ఉర్లగడ్డల, అంటే బంగాళాదుంపల వంట. వేళ్ళ మాదిరి తరిగి, రెండుసార్లు వేయించి, పైన చీజు కరిగించి, ఉప్పు పట్టించిన పందిమాంసం కరకరలాడేట్టు వేయించి చల్లుతారట. దాని పేరు లోడు ఫ్రైసు అన్నాడు.

"లోడెత్తేది లారీకి కదప్పా, ఉర్లగడ్డలకు ఏం లోడు?" అన్నాను.

"తింటే తెలుస్తాది వదినా. ఒగనాడు ఈడికే తెచ్చి చేసి పెడతా సూడు," అని నవ్వాడు. నవ్వితే బుగ్గ మీద నూనె చిందిన మచ్చ ముడుచుకునేది.

సమాధానం నాకు చెప్పినా చూపు కదిరమ్మ మీదే ఉంది. తర్వాత ఆమెతో ఇంకేదో మెల్లగా అన్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మొగుడూ పెళ్ళాల మాటలు మనకెందుకని నేను చెవి పెట్టలేదు.

ఎండాకాలం చివర్లో కబురు పంపాడు, శుక్రవారం వస్తున్నాను, ఉర్లగడ్డలు తెచ్చి పెట్టమని. కదిరమ్మ చిలమత్తూరు సంతకు పోయి బుట్టెడు మోసుకొచ్చింది. శుక్రవారం ఎర్రప్ప మా ఇంటికి అరమైలు దూరంలో, బెంగళూరు రోడ్డు మీద బస్సు దిగాడు. దిగి రోడ్డు దాటుతుంటే శెనక్కాయ మూటల లోడుతో వస్తున్న లారీ కొట్టేసింది. అతని చేతిలోని పొట్లాన్ని కుక్కలు ఈడ్చుకుపోయాయి. లోడు అన్న మాట ఆ తర్వాత చాన్నాళ్ళు నా నోట రాలేదు.

మా వైపు చచ్చినవాళ్ళకు ఇష్టమైనవి వండి ఆకులో పెడతాం. కాకి ముడితే వాళ్ళు తృప్తి పడినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని లెక్క. అప్పుడు ఇంటికి పెద్దవాళ్ళెవరైనా నిలబడి, ఫలానాది మేం చూసుకుంటాం అని గట్టిగా మాటివ్వాలి. సరైన మాట నోట పడిందంటే కాకి దిగుతుంది. దినాల నాడు మా అత్త ఓబమ్మ తనకు తోచినవన్నీ చెప్పింది. నీ పెళ్ళాన్ని కూతురి మాదిరి చూసుకుంటాం అంది, నీ పాలి చేను బీడు పెట్టం అంది. కాకి గోడ మీద కూర్చుని అంతా విని ఎగిరిపోయింది.

అప్పటినుంచి కదిరమ్మకు అన్నం పోలేదు. పంతం కాదు. ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇది కాదక్కా" అని తీసేసేది. ఎండ నడినెత్తికొచ్చే వేళకు తల పక్కకు తిప్పి ఏదో వినేది. లేచి, పళ్ళెం కడుక్కుని, పొయ్యి ముందు కూర్చునేది. రవికలు భుజాల నుంచి జారిపోతున్నాయి. ఈ పిల్ల ఇట్లాగే ఎండి చచ్చిపోతుందని నాకు దిగులు పట్టుకుంది.

ఒకరోజు రెక్క పట్టి లేపబోయి నేనూ విన్నాను. సుయ్‌మని, కాగే నూనెలో తడి ముక్క పడిన చప్పుడు. పొయ్యిలో బూడిద చల్లగా ఉంది. బాణలి గోడకు బోర్లించి ఉంది. చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది, ఈసారి గట్టిగా. రెండుసార్లు వేయించాలని ఎర్రప్ప చెప్పింది గుర్తొచ్చి, పట్టిన రెక్క వదిలేశాను.

ఆ మూల బుట్టలో ఉర్లగడ్డలు అట్లాగే ఉన్నాయి. నెలలు గడిచినా మొలకెత్తలేదు, మెత్తబడలేదు. ఆ ఎండలకు మనుషుల తోళ్ళే ముడతలు పడ్డాయి, అవి మాత్రం ఆ పొద్దే సంతలో కొన్నట్టు నున్నగా ఉన్నాయి. పారేద్దామని రెండు మూడుసార్లు వంగాను గానీ చెయ్యి రాలేదు.

పెద్దల అమావాస్య దగ్గరికొచ్చింది. అత్తతో తేల్చి చెప్పేశాను. "ఆ దండు వంట చేసి పెడితే గాని నీ కొడుకు పోడు అత్తా. ఈ పిల్ల పానం మీదికొచ్చేట్టుండాది."

"పందిమాంసమా? నా ఇంట్లోనా?" అని ఓబమ్మ లేచింది. మావాళ్ళు అడవిపంది దొరికితే పండగ చేసుకుంటారు, ఊరపంది అంటే ఉమ్మేస్తారు. కానీ అప్పుడే కదిరమ్మ గోడ పట్టుకుని వాకిట్లోకొచ్చింది. ఆమెను చూసి మా అత్త గొంతు దిగిపోయింది. "పెరట్లో మూడు రాళ్ళు పెట్టి చేయండి. సచ్చినోనికి మైలేంది," అంది.

ఎర్రప్పతో అదే హోటల్లో పనిచేసిన కుళ్ళాయప్పకు కబురు పెట్టాం. అమావాస్య పొద్దున్నే చీజు డబ్బా, కాగితంలో చుట్టిన మాంసం పట్టుకుని దిగాడు. ఉర్లగడ్డ ఒకటి చేతిలోకి తీసుకుని, గోటితో గిల్లి చూశాడు.

"బో తాజాగా ఉండాయే. ఎప్పుడు తెచ్చినారు బయమ్మక్కా?"

"నువ్వు తరుగప్పా," అన్నాను. కోసిన చోట నీళ్ళు ఊరాయి, అప్పుడే మడిలోంచి తవ్వినట్టు.

చిటికెన వేలంత లావున తరిగాడు. నీళ్ళలో వేసి, గంజి పోయేదాకా కడిగి, ఆ నీళ్ళు మూడు రాళ్ళ పక్కనే పారబోశాడు. కుండెడు నీళ్ళు నేలపాలైతే మా అత్త మొహం చూడాలి. తర్వాత ముక్కలు పాత పంచె మీద పరిచి అద్ది అద్ది ఆరబెట్టాడు. "తడి ఉంటే మెత్తగైపోతాయక్కా. హోటలు మాదిరి రావాలంటే ఓపిక పట్టాల." బాణలిలో శెనక్కాయ నూనె పోసి, సన్న సెగ మీద వేయించి, రంగు తిరగకముందే తీసేసి చల్లారనిచ్చాడు. మాంసం చీలికల్ని చల్లటి పెనం మీద పరిచి, అప్పుడు దాని కింద నిప్పులు తోశాడు. నూనె చుక్క వేయలేదు. కొవ్వు దానంతటదే కరిగి, చీలికలు ముడుచుకుంటూ ఎర్రబడ్డాయి. పాడు వాసన వస్తుందనుకుని కొంగు అడ్డం పెట్టుకున్నాను. అంత కమ్మగా ఉంటుందని ఎవరనుకున్నారు! నోట్లో నీళ్ళూరి నా మీద నాకే కోపమొచ్చింది.

ఇక రెండోసారి వేయించాలి. నూనె పొగలెత్తింది. కుళ్ళాయప్ప ముక్కల్ని పిడికిలిలోకి తీసుకున్నాడు. అతను వేయకముందే, వంటింట్లో సుయ్‌మంది.

అతని చెయ్యి గాల్లో ఆగిపోయింది. "లోపల ఎవరక్కా వంట చేస్తాండేది?"

"ఎవరూ లేరు. నువ్వు కానీ."

వంటింటి వైపు చూస్తూనే వేయించాడు. పళ్ళెంలో పోసి, ఉప్పు చల్లి, తురిమిన చీజు, నలిపిన మాంసం వేసి మూత పెట్టాడు. హోటల్లో దీనికి బట్టీ ఉంటుందట. మేం మూత మీద నిప్పులు పోశాం. తీసి చూస్తే చీజు కరిగి సందుసందునా దిగింది.

"ఆఖర్న ఉల్లికాడలు తరిగి చల్లాలక్కా. అవి లేకుంటే ఎర్రన్న పళ్ళెం బయటికి పంపేటోడు కాదు. వంట ఇంకా కాలేదు పోండ్రా అని తిట్టేటోడు."

"ఈ కరువులో ఉల్లికాడలు యాడివి? పచ్చనిది కంటికి కనబడి ఎన్నాళ్ళయింది?" అన్నాను. వాటిని వదిలేశాం.

పెద్దలకు పెట్టేది ఎవరూ రుచి చూడకూడదు. ఆకులో వేసి, పెరట్లో పెట్టి దూరం జరిగాం. కాకి వచ్చింది. గోడ మీద కూర్చుంది. ఆకు వైపు చూడలేదు, కదిరమ్మ వైపే చూస్తోంది.

"ఆయనకు పెడితే ఎట్లమ్మా?" అన్నాడు కుళ్ళాయప్ప మెల్లగా. "ఎర్రన్న తినాలనుకోలేదు, ఆయమ్మకు తినిపించాలనుకున్యాడు."

నాకు తల మీద కొట్టినట్టయింది. ఇన్నాళ్ళూ చచ్చినవాడి ఆకలే చూశాం. గబగబా పళ్ళెంలో పెట్టి కదిరమ్మ చేతికిచ్చాను. ఆమె ఒక ముక్క తీసింది. చీజు దారంలా సాగింది. కరకరమని నమిలింది. మళ్ళీ తీసింది. నెలల తర్వాత ఆ పిల్ల గొంతులో ముద్ద దిగడం చూసి నాకు ఏడుపొచ్చింది. మా అత్త అయితే పెద్దగానే ఏడ్చింది. ఏడుస్తూ, రెండు చేతులూ ఎత్తి కాకికి మాటిచ్చేసింది.

"ఒరే ఎర్రప్పా! నీ పెండ్లానికి నువ్వు ఏమేం మాటిచ్చినావో అంతా మేం సెల్లిస్తాం! ఒగ అచ్చరం తప్పం! ముట్టు నాయనా!"

కాకి దిగింది. ఆకును దాటుకుని నడిచి వచ్చి, కదిరమ్మ ఎంగిలి పళ్ళెంలోంచి ఒక ముక్క ముక్కున కరుచుకుని ఎగిరిపోయింది. లోపల చప్పుడు టక్కున ఆగింది. అందరం అమ్మయ్య అనుకున్నాం. కదిరమ్మ చెయ్యి కడుక్కుని, నవ్వుకుంటూ ఇంట్లోకి పోయింది. వచ్చేటప్పుడు ఆమె చంకలో గుడ్డల మూట ఉంది.

"యాడికే?" అన్నాను.

"దండుకు అక్కా. ఇంట్లో అది చేసి పెట్టిన దినమే నన్ను ఆయన ఎంట పిలుచుకుపోతానన్యాడు. అత్త మాటిచ్చింది కదా."

ఆనాడు కొంగు అడ్డం పెట్టుకుని ఆమె విన్న మాట అదన్నమాట. మా అత్త గడప మీద కూలబడింది. ఏ మాటో తెలుసుకోకుండా అంతా చెల్లిస్తానని ఎవరైనా అంటారా? నోరా, వీపుకు తేకే అని ఊరికే అన్నారా! ఆమెను తిట్టడానికి కూడా తీరిక లేదు. నేను పరుగెత్తాను.

అన్నం లేక కూలిపోయే పిల్ల ఆ ఎండలో నాకు అందనంత వేగంగా నడుస్తోంది. కుడిచెయ్యి ముందుకు చాచి ఉంది. వేళ్ళు ముడుచుకుని ఉన్నాయి. వాటి మధ్య ఇంకొక చెయ్యి పట్టేంత ఖాళీ ఉంది. రోడ్డు కనబడింది. దూరం నుంచి లోడు లారీ ఒకటి మూలుగుతూ వస్తోంది. నేను అందుకుని నడుం పట్టి లాగాను. కదల్లేదు. అవతలి నుంచి ఎవరో లాగుతున్నారు. అవతల ఎవరూ లేరు.

నాకు భయం పోయి కోపమొచ్చింది. వాడు నా మరిది. నా చేతి ముద్దలు తిని పెరిగినవాడు.

"ఏమప్పా ఎర్రప్పా!" అని ఆ ఖాళీ మీదికి అరిచాను. "వంట అయిందని నీకు ఎవరు చెప్పినారు? ఉల్లికాడలు యాడ? అవి చల్లకుండా పళ్ళెం పంపేటోనివా నువ్వు? అత్త మాట తప్పదు, వంట అయిననాడు చూసుకుందాం. వంట కాలేదు పో!"

లారీ దుమ్ము రేపుతూ దాటిపోయింది. కదిరమ్మ చెయ్యి ఉన్నట్టుండి కిందికి వాలింది. వేళ్ళ మీద నూనె అంటుకున్న గుర్తులున్నాయి, ఆమెవి కాని పెద్ద వేళ్ళ గుర్తులు. నా కొంగుతో తుడిచి ఇంటికి తీసుకొచ్చాను.

మర్నాటి నుంచి అన్నం తింది. కండ పట్టింది, నాతో చేనుకు వచ్చింది. మధ్యాహ్నం పూట లోపల సుయ్‌మంటూనే ఉంది. ఉండనీ అనుకున్నాను, ఇంట్లో మనుషుల పోరు పడుతున్నాం, ఇదొక లెక్కా? ఉల్లికాడలు మాత్రం గడప తొక్కనివ్వలేదు. మొలకొచ్చిన ఉల్లిగడ్డ కనిపించినా వీధిలోకి విసిరేసేదాన్ని. మా ఆయన పిచ్చిదానివన్నా ఊరుకున్నాను.

వానలు ఆ తర్వాతి ఏడూ రాలేదు. ఆ పై ఏడు వచ్చాయి. రాత్రంతా కురిసి తెల్లారేసరికి ఊరంతా మట్టి వాసన. సంతోషం పట్టలేక పెరట్లోకి పోయాను.

ఆనాటి మూడు రాళ్ళు అక్కడే ఉన్నాయి. కుళ్ళాయప్ప గంజినీళ్ళు పారబోసిన చోట, ఎవరూ నాటని పచ్చటి ఉల్లికాడలు లేచి నిలబడ్డాయి. కదిరమ్మ వాటి ముందు గొంతుక్కూర్చుని, అంత వాన కురిసిన నేలలో చెంబుతో నీళ్ళు పోస్తోంది. నన్ను చూసి నవ్వింది.

"ఇంగ కొంచెం పెరగాలక్కా," అంది.