పూర్తిగా అశక్తురాలు

పరీక్షకు రెండు రోజుల ముందునుంచి పిచ్చుకను స్నానం చేయనివ్వలేదు.

"కాస్త వాసన రావాలి. నిగనిగలాడుతూ వెళ్తే డాక్టరు నమ్ముతాడా? తల కూడా దువ్వుకోకు," అన్నాడు అన్నయ్య.

పిచ్చుక అన్నది చిన్నప్పటి ముద్దుపేరు. ఒకచోట నిలవకుండా గెంతుతూ ఉండేదని పెట్టారు. ఆరేళ్ళ కిందట, పనిచేసే గోదాములో నిచ్చెన మీంచి పడి వెన్ను దెబ్బతిన్నాక గెంతడం పోయింది గానీ, పేరు మార్చాలని ఎవరికీ తోచలేదు. ఇప్పుడామెకు ముప్పై రెండేళ్ళు. అన్నావదినల ఇంట్లో, వంటగదిని ఆనుకున్న చిన్న గదిలో ఉంటుంది. నెలనెలా పింఛను వస్తుంది. మందులూ, మూత్రం తీసుకునే గొట్టాలూ ఆసుపత్రిలో ఉచితంగా ఇస్తారు. మూడేళ్ళకోసారి డాక్టరు చూసి, ఈమె ఇంకా అలాగే ఉంది అని రాయాలి.

కానీ ఈ మూడేళ్ళలో పిచ్చుక అలాగే లేదు. మంచం నుంచి బాత్రూముకు ఎనిమిది అడుగులు. గోడ పట్టుకుని ఆ ఎనిమిది అడుగులూ నేర్చుకోవడానికి పద్నాలుగు నెలలు పట్టింది. పడ్డప్పుడల్లా వదిన పరుగెత్తుకొచ్చేది. "రాకు వదినా, నేనే లేస్తా," అనేది. ఒకసారి గడపకు కొట్టుకుని ముందుపన్ను సగం విరిగింది. ఆ పన్ను కట్టించుకోవడానికి వెళ్ళిన చోటే ఆమెకు పని దొరికింది.

పక్క వీధిలో పళ్ళ సెట్లు తయారుచేసే గది అది. దాని యజమానిని అందరూ పళ్ళ మేస్త్రి అంటారు. డాక్టర్లు పంపిన కొలతను బట్టి ప్లాస్టర్ అచ్చు పోసి, దాని మీద గులాబిరంగు మైనంతో చిగుళ్ళు కట్టి, ఒక్కొక్క పన్నే కూర్చుతాడు. "పళ్ళు రాలగొట్టడం ప్రతి వెధవకీ వచ్చమ్మా. పెట్టడమే మనబోటి నలుగురికి," అంటుంటాడు. పిచ్చుక సన్నటి వేళ్ళు చూసి, కూర్చుని చేసే పనే కదా, నేర్చుకుంటావా అని అడిగాడు. ఏడాదినుంచి ఆమె కర్ర పొడుచుకుంటూ వెళ్ళి రోజుకు నాలుగు గంటలు చేస్తోంది. ఏ పన్ను ఎంత వంగితే ముసలివాళ్ళ నవ్వు సహజంగా ఉంటుందో ఇప్పుడు మేస్త్రికన్నా ఆమెకే బాగా తెలుసు.

కిందటి నెల మేస్త్రి, "ఇలా దొంగచాటుగా ఎన్నాళ్ళు? నీ పేరు రిజిస్టర్లో ఎక్కిస్తాను, జీతం తీసుకో," అన్నాడు. ఆ రోజునుంచి పిచ్చుకకు అన్నం సయించలేదు. పేరు ఎక్కితే పింఛను ఆగుతుంది, దానితో మందులూ ఆగుతాయి. నాలుగు గంటల జీతం మందులకే సరి. చలి ముదిరితే ఆమె కాళ్ళు కర్రల్లా బిగుసుకుపోతాయి. అప్పుడు పని పోతే మళ్ళీ మొదటినుంచీ దరఖాస్తు, ఏళ్ళ తరబడి ఎదురుచూపు. వీధిలో ఎవరైనా "బాగా నడుస్తున్నావే!" అంటే సంతోషించాల్సింది పోయి ఆమె గుండె గుభేలుమనేది. వెంటనే ఒక కాలు ఇంకాస్త ఈడ్చేది. ఈడ్చినందుకు తన మీద తనకే ఒళ్ళు మండేది.

పరీక్ష రోజు పొద్దున్న వదిన ఒక పాత నైటీ తెచ్చి మంచం మీద పెట్టింది. మెడ దగ్గర కూర మరక ఉంది. ఉతికినవి నాలుగుండగా ఏరి తెచ్చిన మరక. వదిన తల ఎత్తి చూడలేదు. అన్నయ్య ఎవరినో అడిగి చక్రాల కుర్చీ తెచ్చాడు.

"నువ్వేం మాట్లాడకు. అన్నీ నేను చెప్తా. అద్దె ఎక్కణ్ణుంచి వస్తుందో నీకూ తెలుసు," అన్నాడు. మెత్తగానే అన్నాడు.

పింఛను కార్యాలయంలో గోడలు మనుషుల తలలు ఆనీ ఆనీ జిడ్డు తేలి ఉన్నాయి. బెంచీల మీద నలభైమంది ఉంటారు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా అందరి భుజాలూ కిందికి జారేవి, మెడలు వాలేవి. తలుపు మూసుకోగానే మళ్ళీ లేచేవి. నిజంగా కాళ్ళు లేనివాడు కూడా ఇంకాస్త లేనట్టు కనిపించాలని తంటాలు పడుతున్నాడు. పిచ్చుకకు తన ఒంటి వాసన తనకే కొడుతోంది.

లోపల డాక్టరు బల్ల ముందు అప్పటికే ఏడెనిమిదిమంది నిలబడి ఉన్నారు. తెర లేదు. పిచ్చుక కాగితాల మీద టీ కప్పు పెట్టుకుని డాక్టరు ఆమెను కాక, అన్నయ్యను అడిగాడు.

"నిలబడుతుందా?"

"లేదు సార్."

"తనే తింటుందా?"

"కలిపి పెడితే తింటుంది సార్."

"బాత్రూముకి?"

"మా ఆవిడే చూసుకుంటుంది సార్. అన్నీ మంచంలోనే."

వెనకాల ఎవరో చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. పిచ్చుకకు చెవులనుంచి ఆవిరి వచ్చినట్టయింది. పద్నాలుగు నెలలు, విరిగిన పన్ను, మోకాళ్ళ మీది మచ్చలు, అన్నిటినీ అన్నయ్య ఒక్క మాటతో తుడిచేశాడు. నోరు తెరిచి కాదని చెప్పవచ్చు. కానీ అద్దె గుర్తొచ్చింది, మందులు గుర్తొచ్చాయి, నోరు దానంతటదే మూసుకుంది.

డాక్టరు పెన్ను కింద పడేసి, "తియ్యి," అన్నాడు.

ఆమె తీయగలదు. వంగి, చెయ్యి సగం దూరం చాపి, వణికించి, వెనక్కి తీసుకుంది. వణుకు ఎంతో బాగా కుదిరింది. అది కుదిరినందుకే ఆమెకు అన్నిటికన్నా అసహ్యం వేసింది.

"పూర్తిగా అశక్తురాలు. ఏ పనీ చేయలేదు," అని పైకి చదువుతూ రాసి డాక్టరు ముద్ర కొట్టాడు.

బయటికి రాగానే అన్నయ్య మొహం వెలిగిపోయింది. చల్లటి డ్రింకు కొనిచ్చి, "అదరగొట్టావు చెల్లాయ్! ఆ వణుకు నేను కూడా చెప్పలేదు," అన్నాడు. రెండు గుటకలు తాగగానే పిచ్చుక రోడ్డు పక్కన వాంతి చేసుకుంది. ఎండదెబ్బేమో అనుకున్నాడు అన్నయ్య.

ఇంటికొచ్చి గంటసేపు స్నానం చేసింది. మర్నాడు పనిలో కూర్చుంటే మైనం వేళ్ళకు లొంగలేదు. కూర్చిన పన్నల్లా పక్కకు వాలింది. "చేతికేమైందమ్మా?" అని మేస్త్రి అడిగాడు. ఏమీ కాలేదంది. నిన్న దొంగ వణుకు వణికిన చెయ్యి ఇదే.

మూడో రోజు ఇంట్లో చెప్పకుండా, ఉతికిన బట్టలు కట్టుకుని, తల దువ్వుకుని, కర్ర పట్టుకుని ఒంటరిగా ఆ కార్యాలయానికి వెళ్ళింది. మెట్ల దగ్గర రెండుసార్లు ఆగింది. డాక్టరు మొదట ఆమెను గుర్తుపట్టలేదు. కాగితం చూశాక కళ్ళద్దాలు తీశాడు.

"మొన్న మా అన్నయ్య చెప్పింది అబద్ధం సార్. నేనూ నాటకమాడాను. మళ్ళీ రాయండి," అంది పిచ్చుక.

"మతి పోయిందా నీకు? ఈ ముద్ర కోసం జనం నా కాళ్ళ మీద పడతారు."

"నాలుగు గంటలు కూర్చుని పని చేయగలను. చలిలో అదీ చేయలేను. కర్రతో వీధి దాటగలను, బరువు మోయలేను. మందులు లేకపోతే ఏదీ చేయలేను. చేయగలిగేవీ చేయలేనివీ రెండూ రాయండి."

"రెండూ రాయడానికి ఇక్కడ చోటు లేదమ్మా. చేయగలదా, చేయలేదా, అంతే. ఏదో ఒకటి చెప్పు."

"అయితే ఆ తప్పు నాది కాదు సార్, మీ కాగితానిది."

ఆ మాటతో డాక్టరు మొహం మాడిపోయింది. పాత కాగితాన్ని అడ్డంగా కొట్టేసి, "పని చేయగలదు" అని రాసి, ఆమె వైపు విసిరాడు. "అడిగి తన్నించుకోవడమంటే ఇదే. వెళ్ళు."

పింఛను ఆగింది. మందులూ ఆగాయి. అన్నయ్య, "కూర్చున్న కొమ్మనే నరుక్కున్నావు. మమ్మల్నీ కింద పడేశావు," అన్నాడు. అది నిజమే. మేస్త్రి మాత్రం ఆ వారమే రిజిస్టర్లో పేరు ఎక్కించాడు. మొదటి జీతం మందుల దుకాణంలోనే అయిపోయింది. రెండో నెల గొట్టాలు కొనలేక, ఒకసారి వాడి పారేయాల్సినదాన్ని మళ్ళీ మళ్ళీ వేడినీళ్ళలో మరిగించుకుని వాడింది. జ్వరం వచ్చింది. తొమ్మిది రోజులు పడుకుంది. వదిన పక్కన కూర్చుని తడిగుడ్డ వేస్తూ, "ఆ నైటీ నేనివ్వకుండా ఉండాల్సింది," అని ఏడ్చింది.

పై కార్యాలయానికి పెట్టుకున్న అప్పీలు అయిదు నెలలకు విచారణకు వచ్చింది. ఈసారి డాక్టరు ఒక ఆవిడ. తలుపు వేసి, అరగంట కూర్చోబెట్టి అడిగింది. రాయడానికి చోటు లేనిచోట కాగితం వెనక్కి తిప్పి రాసింది. మందులూ గొట్టాలూ మళ్ళీ ఇమ్మంది. పింఛను మాత్రం, జీతం వస్తున్నంతకాలం కుదరదంది. పని మానేస్తే కొత్త దరఖాస్తు అక్కర్లేకుండా మళ్ళీ మొదలయ్యేట్టు ఒక వాక్యం రాసిచ్చింది.

"ఈ వాక్యం ముందే ఉందా మేడమ్, రూల్సులో?" అని అడిగింది పిచ్చుక.

"ఎప్పట్నుంచో ఉంది. అడిగేవాళ్ళు లేరు, చెప్పేవాళ్ళు అంతకన్నా లేరు."

సంతోషం కలగాలి. కలగలేదు. ఒక్క వాక్యం కోసం మరకల నైటీలో కూర్చోబెట్టిన ఆ బల్ల, ఆ టీ కప్పు, ఆ నలభైమంది వాలిన మెడలు తలచుకుంటే మళ్ళీ నోట్లో చేదు ఊరింది. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, కర్ర అందుకుని, మధ్యాహ్నం పనికి వేళవుతోందని బస్టాపు వైపు నడిచింది.