ఒంటికాలి మీద ఇరవై

నేను ఒక యోగా మ్యాట్‌ను. చాప అంటే తుంగచాపలు నొచ్చుకుంటాయి, తివాచీ అంటే నాకే సిగ్గు. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, వంకాయ రంగు. నన్ను చుట్టిన కవరు మీద ఆ రంగుకి ఏదో పూల పేరు రాశారు గానీ, వంకాయను చూసినవాళ్ళెవరూ మోసపోరు. నాకు రెండు ముఖాలు. గరుకు ముఖం నేలను పట్టుకోవడానికి, నున్నటి ముఖం మనిషిని మోయడానికి. ఈ సంగతి కవరు వెనకాల చిన్న అక్షరాల్లో ఉంది. చిన్న అక్షరాలు చదవడం మనుషులకు అలవాటు లేదు.

నన్ను పుట్టించిన కార్ఖానాలో వేడి వేడి నురుగుని రోలర్ల మధ్య పెట్టి అప్పడంలా వత్తారు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. యోగా అన్నాక కాస్త పవిత్రంగా కనబడాలని డిజైన్లు గీసే పెద్దమనిషికి తోచింది. నున్నటి ముఖం మీద, సరిగ్గా పాదాలు ఆనించేచోట, అరచేయంత బంగారు రంగు ఓంకారం అచ్చు వేయించాడు. ఆ పెద్దమనిషికి అత్తగారు ఉండి ఉండరు.

నన్ను మొదట కొన్నది కాకినాడలో ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉండే శేషగిరిగారు. జనవరి ఒకటిన కొని, నాతో ఫొటో దిగారు. రెండో తేదీన నామీద కూర్చుని, ఆ ఫొటో ఎంతమందికి నచ్చిందో చూసుకున్నారు. మూడో తేదీ నుంచి శవాసనం ఒక్కటే వేసేవారు. గురక కూడా అందులో భాగమనే అనుకున్నాను. వారం తిరిగేసరికి ఆయన భార్య ఉమగారు నన్ను డాబా మీదికి పట్టుకెళ్ళి, పైన పాత చీర పరిచి, గుమ్మడికాయ వడియాలు పెట్టారు. అబద్ధమెందుకు, నాకు దొరికిన మొదటి నికరమైన ఉద్యోగం అదే. వేసవి దాటేదాకా చేశాను.

వానాకాలంలో నన్ను కింది అంతస్తుకి అరువిచ్చారు. అక్కడ హైమావతిగారు జబ్బుపడి లేచారు. వచ్చినది మామూలు వైరల్ జ్వరమే. కానీ పోతూ పోతూ ఆవిడ లోపలి చెవి మీద చెయ్యి చేసుకుని పోయింది. తల ఇటు తిప్పితే గోడలు అటు తిరిగేవి. మంచం దిగితే నేల పడవలా ఊగేది. నెల రోజులకు చాలావరకు తగ్గింది. మిగిలిన కాస్తా పోవాలంటే తల తిప్పుతూ, నిలబడుతూ రోజూ కొంచెం కొంచెం యోగా చేయమన్నారు డాక్టరుగారు.

ఈ నెల రోజుల్లో హైమావతిగారిని తల తిరగడం కన్నా ఎక్కువ బాధ పెట్టినది బండి తాళం. పందొమ్మిదేళ్ళుగా ఆవిడకో స్కూటర్ ఉంది. కూరల బజారు, బ్యాంకు, లైబ్రరీ, సాయంత్రం బీచ్ రోడ్డు, అన్నీ దానిమీదే. జబ్బు రాగానే భర్త ప్రభాకరం తాళం తీసి బీరువాలో పడేశారు. అప్పటినుంచి కూరలు ఆయనే తెస్తున్నారు. బెండకాయలు విరిచి చూడాలని తెలియని మనిషి. అవి తరిగేటప్పుడు కత్తిపీట ఏడుస్తుంటే నేను విన్నాను.

అంతటితో ఆగక, తన ఆఫీసులో పనిచేసే దొరబాబు అనే ఆయనకు బండి అమ్మేస్తానని మాటిచ్చేశారు. ఆదివారం పదింటికి వచ్చి పట్టుకుపోవాలి. ఈ మాట సోమవారం పొద్దున్న, ఇడ్లీ తింటూ చెప్పారు.

"నన్నడక్కుండానే?" అన్నారు హైమావతి.

"నిలబడలేనిదానివి, నడుపుతావేంటి? ఒక పని చెయ్యి. ఫోనులో ఆ యోగా మాస్టారు చెట్టులా నిలబడతాడు చూడు, అలా ఒంటికాలి మీద ఇరవై లెక్కపెట్టేదాకా నిలబడు. తాళం నీ చేతిలో పెడతా. దొరబాబుకి నేనే సర్దిచెప్పుకుంటా."

"మాట మీద ఉంటారా?"

"మా అమ్మ సాక్షి."

వాళ్ళమ్మ వెంకాయమ్మగారికి ఎనభై దగ్గర. లెక్కపెట్టే పని తనకే కావాలన్నారు. "కుంచాలతో వడ్లు కొలిచిన చెయ్యిది. నా లెక్కలో తేడా రాదు."

అప్పుడు హైమావతిగారు నన్ను హాల్లో పరిచారు. వెంకాయమ్మగారు కళ్ళజోడు సవరించుకుని నన్ను చూశారు. చూసి, చెంపలేసుకున్నారు.

"ఓంకారమే! దానిమీద కాళ్ళెట్టి నిలబడతావటే అమ్మాయ్? అసలే గ్రహాలు బాగోక మంచానపడ్డావు. తిరగెయ్, తిరగెయ్."

తిరగేశారు.

నా కథంతా ఇక్కడే తలకిందులైంది. నా నున్నటి ముఖం కిందికి పోయి, అద్దంలా మెరిసే గ్రానైట్ నేలకు ఆనుకుంది. నేలను పట్టుకోవలసిన గరుకు ముఖం పైకొచ్చి, హైమావతిగారి పాదాన్ని జలగలా పట్టుకుంది. పాదం నామీద వెంట్రుకవాసి జారదు. నేనే, పాదంతో సహా, నేలమీద జారతాను. మామూలుగా జారితే మనిషికి తెలుస్తుంది. ఇలా జారితే భూమి కదిలినట్టు ఉంటుంది. ఉన్న జబ్బే తల తిరిగే జబ్బాయె. ఆవిడ ఎవర్ని అనుమానిస్తారు?

"లాభం..." అని మొదలుపెట్టారు వెంకాయమ్మగారు. కొలతల్లో ఒకటి అనకూడదు, లాభం అనాలి. "రెండు... మూడు... నాలుగు..."

నాలుగు దగ్గర నేను జానెడు పక్కకు పోయాను. హైమావతిగారు సోఫా పట్టుకున్నారు.

"తిరుగుతోందా?" అన్నారు ప్రభాకరం, పాపం, నిజమైన బెంగతోనే.

"ఇల్లు తిరుగుతోంది. నేను బానే ఉన్నాను."

మంగళవారం ఆరు. బుధవారం మెడ వ్యాయామం కాస్త ఎక్కువ చేసి, శవాసనం నుంచి గబుక్కున లేచారు. అది మాత్రం నా తప్పు కాదు, అసలైన తిరుగుడే. ఆవిడ నామీద కూర్చుని కళ్ళు ఇంత చేసుకుని ఫ్యాన్ వైపు చూశారు. ఫ్యాన్ ఆపి ఉంది. అయినా తిరుగుతోందట. సోఫా మెల్లగా వంటింటి వైపు వెళుతోందట. ఆవిడకు భయం వేయాల్సింది పోయి నవ్వొచ్చింది. కడుపు పట్టుకుని నవ్వుతుంటే నాకూ కితకితలు పెట్టినట్టయింది. ప్రభాకరం పరుగున వచ్చారు.

"ఏవండీ, మీరు ఇద్దరు కనబడుతున్నారు."

"ఇద్దరా?"

"ఆ. ఉన్న ఒక్కరితోనే వేగలేకపోతున్నానంటే, దేవుడు ఇంకొకర్ని పంపించాడు. ఆయన్ని కూరలకి పంపకండి."

వంటింట్లో వెంకాయమ్మగారి చేతిలోంచి గరిటె పడిన చప్పుడు, దాని వెనకే ముసలి నవ్వు. ప్రభాకరం ముఖం ముడుచుకుని, "ఈ స్థితిలో బండి నడుపుతుందట" అని పేపరు తీసుకున్నారు. కొడుకు అటు వెళ్ళాక అత్తగారు వచ్చి ఎర్రనీళ్ళు తిప్పి దిష్టి తీశారు. గిన్నె గుండ్రంగా తిరుగుతుంటే హైమావతిగారికి మళ్ళీ నవ్వు. "అత్తయ్యగారూ, మీరన్నా తిప్పడం ఆపండి."

గురువారం తొమ్మిది. శుక్రవారం ఏడు. శనివారం హైమావతిగారు నవ్వలేదు. సాయంత్రం ఒక్కరే నామీద కూర్చుని, గోడకు ఆనుకుని, కింద సెల్లార్లో ఎవరో బండి స్టార్ట్ చేస్తే తల ఎత్తి విన్నారు. మొన్నటిదాకా వేళాకోళంగా ఉన్నది, నిజంగానే పోబోతోందని ఆవిడకు అప్పుడు తెలిసింది. నాకు నోరుంటే అరిచేదాన్ని. అమ్మా, తిరుగుతున్నది నేను, నీ తల కాదు అని. నోరు లేని వస్తువుల మధ్య ఉండటం మనుషులకు అదృష్టం. ఆ రోజు మాత్రం కాదు.

ఆదివారం తొమ్మిదిన్నర. స్నానం చేసి, జడ ముడేసి, చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపి హైమావతిగారు నామీదికెక్కారు. కుడి పాదం ఎత్తి ఎడమ మోకాలి కింద ఆనించారు. చేతులు జోడించారు.

"లాభం... రెండు..." వెంకాయమ్మగారు ఆ రోజు కొంచెం గబగబా కొలుస్తున్నారని నాకనిపించింది. "తొమ్మిది... పది... పదకొండు..."

పదకొండు దగ్గర నేను జరిగాను. ఎంత బిగపట్టినా నున్నటి ముఖం నా మాట వినలేదు. ఆవిడ కాలు దించేశారు.

ప్రభాకరం గెలిచిన మనిషిలా లేరు. ఏదో ఒకటి అనాలి కాబట్టి, "ఇందులో ఏముంది హైమా, గాభరా పడుతున్నావంతే. ఇలా చూడు" అని లుంగీ ఎగగట్టి నామీదికొచ్చారు. ఎనభై రెండు కిలోల మనిషి. కాలెత్తారు. "అమ్మా, లెక్కపెట్టు."

"లాభం," అన్నారు వాళ్ళమ్మ.

రెండు అనేలోపే ఆయనా నేనూ కలిసి ఫ్రిజ్ దాకా వెళ్ళిపోయాం. చాలా హాయిగా వెళ్ళాం, దారిలో ఏదీ అడ్డు రాలేదు. ఫ్రిజ్ తలుపుకు వీపు ఆనించి ఆయన కూలబడ్డారు. కళ్ళు తేలేశారు.

"హైమా! నాకూ వచ్చేసిందే! గోడ పరిగెత్తుకుంటూ వచ్చి నన్ను గుద్దింది. నా బీపీ మిషను తే. అమ్మా, నాక్కూడా దిష్టి తియ్యి."

"నీకెవరెడతారురా దిష్టి?" అన్నారు వెంకాయమ్మగారు.

హైమావతిగారు మిషను తెచ్చిచ్చారు. ఇచ్చి, కదలకుండా నిలబడిపోయారు. నేను పరిచినచోట లేను. ఫ్రిజ్ దగ్గర ఉన్నాను. తల తిరిగితే మనిషి పడాలి గానీ మ్యాట్ ప్రయాణం చేయదు. వంగి, ఒక్క వేలితో నన్ను తోశారు. పడవలా వెళ్ళాను. నన్ను తిరగేసి, గరుకు ముఖం కిందికి పెట్టి మళ్ళీ తోశారు. ఉన్నచోటే ఉన్నాను. నేను ఆ నిలబడటంలో ఎంత గర్వపడ్డానో చెప్పలేను.

"అత్తయ్యగారూ, వారం రోజులుగా నా తల కాదు. ఇది."

వెంకాయమ్మగారికి అర్థమవడానికి రెండు క్షణాలు పట్టింది. ముఖం చిన్నబోయింది. "అయితే తిరగెయ్యమని నేనే కదే అన్నాను."

"మీరు నా మంచికే అన్నారు."

"అలాగని ఓంకారం తొక్కుతావా?"

"తొక్కను. దీంతో పనే లేదు." నన్ను చుట్టి పక్కన పెట్టి, ఆవిడ వట్టి నేలమీద నిలబడి కాలెత్తారు. ఇప్పుడు వెంకాయమ్మగారి గొంతులో తొందర లేదు. నిండు కుంచానికి ఒక్కో మాట. పన్నెండు దగ్గర హైమావతిగారు ఊగారు. ఈసారి మధ్యలో నేను లేను. అది ఆవిడ సొంత ఊగడం, జబ్బు వదిలి వెళ్ళిన చివరి ముక్క.

"ఇది నాదే," అన్నారు ఆవిడ పళ్ళ బిగువున. "నాదైతే నేను పట్టుకోగలను."

చూపు తలుపు గడియ మీద నిలిపారు. వేళ్ళు నేలను తవ్వాయి. మడమ వణికింది. పద్ధెనిమిది... పందొమ్మిది... ఇరవై. వెంకాయమ్మగారు ఆపలేదు. ఇరవై ఆరు దాకా వెళ్ళి, "కొసరు" అన్నారు.

కాలింగ్‌బెల్ మోగింది. దొరబాబుగారు హెల్మెట్ చంకన పెట్టుకుని నిలబడ్డారు. లోపల ప్రభాకరం ఫ్రిజ్‌కి ఆనుకుని, చేతికి బీపీ పట్టీ బిగించుకుని కూర్చునివున్నారు.

"ఏటండీ, ఒంట్లో బాలేదా?"

"బావుంది, బావుంది. బండి..." ప్రభాకరం భార్య వైపు చూశారు. మాటంటే మాటే అనుకున్నారో, లేచే ఓపిక లేకో, బొడ్లోంచి బీరువా తాళాలు తీసి ఆవిడకిచ్చారు. "బండి ఇవ్వట్లేదండీ. ఏమీ అనుకోకండి. మా ఆవిడ అమ్మనంటోంది."

"ఆయ్, పర్లేదండీ," అన్నారు దొరబాబుగారు. ఆయన ముఖంలో కూడా కాస్త తేలిక కనబడింది. ఆ స్కూటర్ గురించి ఆయనకు ఎవరో ముందే చెప్పివుంటారు.

నన్నేం చేయాలనేది మధ్యాహ్నం భోజనాల దగ్గర తేలింది. తొక్కకూడదు, పారేయకూడదు. తిరిగి ఇవ్వబోతే ఉమగారు వద్దన్నారు, వడియాల కాలం అయిపోయింది. చివరికి వెంకాయమ్మగారే కత్తెర తెప్పించారు. ఓంకారం ఉన్నంతమేర గుండ్రంగా కత్తిరించి, కళ్ళకద్దుకుని, దేవుడి పటాల వెనక పెట్టారు. మిగతాదానిలో ఒక ముక్క కొలిచి కత్తిరించి, గరుకు ముఖం కిందికి ఉండేలా, స్కూటర్ మీద కాళ్ళు పెట్టుకునే చోట పరిచారు. పందొమ్మిదేళ్ళలో అత్తగారు ఆ బండి దగ్గరికి రావడం అదే మొదటిసారి.

అలా నేను ఒక ముక్కగా దైవభక్తిలోనూ, ఒక ముక్కగా రవాణాలోనూ స్థిరపడ్డాను. ఇప్పుడు మీతో మాట్లాడుతున్నది రవాణా ముక్క. మొదటి పది రోజులు అపార్ట్‌మెంట్ చుట్టూనే తిరిగాం. వెనక ప్రభాకరం కూర్చుని, "మెల్లగా, మెల్లగా" అనేవారు. నడిచి వెళ్ళే పిల్లలు మమ్మల్ని దాటిపోయేవారు. తరువాత బజారుకి వెళ్ళాం. హైమావతిగారు ఒక్కో బెండకాయా కొన విరిచి చూస్తుంటే ఆ చిటుకు చిటుకు చప్పుడు నాకు సంగీతంలా వినిపించింది.

ఇప్పుడు సాయంత్రాలు ఇద్దరమే బీచ్ రోడ్డుకి వెళుతున్నాం. ఎప్పుడైనా, పదిరోజులకోసారి, ఒక్క క్షణం ఆవిడకు సముద్రం ఓ పక్కకు ఒరిగినట్టవుతుంది. పాదాల బరువు మారడంలో నాకు తెలిసిపోతుంది. ఆవిడ కంగారుపడరు. బండి పక్కకు తీసి ఆపి, రెండు కాళ్ళూ నేలకు ఆనించి, సముద్రం తిన్నగా సర్దుకునేదాకా ఆగుతారు. తనలో తను నవ్వుకుని మళ్ళీ బయలుదేరతారు. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. నేనూ చెప్పను.